కారు తప్ప నడపనివాళ్లు ఇంటి సామానుతో పెద్ద ట్రక్కు తోలగలరా?

ముందు మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు చెప్పుకుంటాను. అమ్మానాన్నల ఇల్లు ఖాళీ అవుతోంది. రెండు టేకు మంచాలు, రెండు అల్మారాలు, ఎనిమిది మంది కూర్చునే భోజనాల బల్ల, ఒక నిలువుటద్దం, సోఫా, ఫ్రిజ్, వాషింగ్ మెషిన్, గది నిండా పుస్తకాలు. 26 అడుగుల బాక్స్ ఉన్న ట్రక్కు అద్దెకు తీసుకుని, మీరూ మీ బావమరిదీ మార్చి మార్చి నడుపుతూ 1,400 కిలోమీటర్లు వెళ్లాలి. ఇద్దరూ కారు తప్ప నడపలేదు. ‘మా వల్ల అవుతుందా, దేనికి భయపడాలి?’ అని అడిగారు.

అవుతుంది. నేను ఇంటి సామాన్ల ట్రక్కుల మీద చాలా ఏళ్లు పనిచేసి, తర్వాత కొత్త డ్రైవర్లకు నేర్పినవాణ్ని. స్టీరింగు గురించి, గేర్ల గురించి మీకున్న భయం గంటలో పోతుంది. భయం పోయాకే అసలు సంగతి మొదలవుతుంది. మొదటి రోజు పొద్దున ఎవరైనా ఒళ్లు దగ్గర పెట్టుకునే నడుపుతారు. రెండో రోజు మధ్యాహ్నానికి చేయి అలవాటు పడుతుంది, మాటల్లో పడతారు, నడిపేది కారే అన్నట్టు బంకులోకి తిప్పేస్తారు. బాక్స్ కప్పు చిరిగేదీ, వెనక మూల పక్క బండికి తగిలేదీ అప్పుడే. అందుకే కింద చెప్పేవాటిలో ఎక్కువ భాగం, మీరు ట్రక్కులో ఉన్నామన్న సంగతి మరిచిన క్షణంలో కూడా పనికొచ్చే ఏర్పాట్లు.

లైసెన్సు సంగతి మొదట తేల్చుకోండి. కారు లైసెన్సుతో ఎంత బండి నడపవచ్చన్నది ఒక్కో దేశంలో ఒక్కోలా ఉంటుంది. యూరప్‌లో ఎక్కువచోట్ల 3,500 కిలోల దగ్గర ఆగిపోతుంది. అమెరికాలో 26,000 పౌండ్ల వరకు, అంటే సుమారు 11,800 కిలోల వరకు సొంత అవసరానికి మామూలు లైసెన్సు చాలు. భారతదేశంలో తేలికపాటి వాహనం అంటే 7,500 కిలోల లోపు; ఆ లైసెన్సుతో ఆ బరువులోపు రవాణా వాహనం కూడా నడపవచ్చని 2024 నవంబరులో సుప్రీంకోర్టు చెప్పింది. ఈ అంకెలన్నీ బండి ఖాళీ బరువు కావు. బండి, సామాను, మనుషులు, ఇంధనం అన్నీ కలిపి ఆ బండికి అనుమతించిన గరిష్ఠ బరువు. అది తలుపు దగ్గరి ప్లేటు మీద, బండి కాగితాల్లో ఉంటుంది. అద్దెకిచ్చేవాళ్లు నోటితో చెప్పినది వినండి, కానీ ప్లేటు చదవండి.

బరువు దగ్గర కొత్తవాళ్లు బోర్లాపడేది ఎందుకంటే, బాక్సులో చోటు కనబడుతుంది, బరువు కనబడదు. 26 అడుగుల బాక్సులో దాదాపు 45 ఘనపు మీటర్ల చోటు ఉంటుంది. కలగలుపు ఇంటి సామానుకు ఈ వృత్తిలో వాడే ఉజ్జాయింపు ఘనపు అడుగుకు 7 పౌండ్లు, అంటే ఘనపు మీటరుకు సుమారు 112 కిలోలు. గుణించి చూడండి, అంచుల దాకా నింపితే ఐదు టన్నులు. ఈ సైజు ట్రక్కులు చాలావరకు మోయగలిగేదీ ఇంచుమించు అంతే. అది కలగలుపు సామాను లెక్క. మీ దగ్గరేమో టేకు, పుస్తకాలు. ఎండిన టేకు ఘనపు మీటరుకు 650 కిలోల దరిదాపుల్లో తూగుతుంది. అడుగు, అడుగున్నర కొలతల చిన్న పుస్తకాల పెట్టె కూడా పాతిక, ముప్ఫై కిలోలు ఉంటుంది. గది నిండా పుస్తకాలంటే, ఆ గది ఒక్కటే టన్ను దాటినా ఆశ్చర్యం లేదు. లోడు ఎక్కించాక దారిలో మొదట కనబడిన వేబ్రిడ్జి మీద తూయించండి. కుదిరితే ముందు ఆక్సిల్, వెనక ఆక్సిల్ విడివిడిగా.

ఏం తీసుకెళ్లాలి అన్నది మీరు అడగలేదు. అయినా చెప్తాను, ఎందుకంటే ట్రక్కు సైజును తేల్చేది అదే. గట్టి చెక్కతో చేసినవన్నీ తీసుకెళ్లండి. చెక్క పొట్టును జిగురుతో అదిమి చేసే పార్టికల్ బోర్డు, ఎమ్‌డీఎఫ్ సామాను వదిలేయండి. అవి చెక్క కంటే తేలికేం కాదు, పైగా ఒకసారి బిగించిన స్క్రూ ఊడదీస్తే పొడి రాలి, మళ్లీ అదే బెజ్జంలో బిగుసుకోదు. ఊడదీయకుండా నిలువునా ఎక్కిస్తే ట్రక్కు ఊపుకి మూలలు విడిపోతాయి. అమ్మ వాడిన అల్మారా అన్న మమకారం వేరే విషయం, దానికి నా దగ్గర లెక్క లేదు. మమకారం లేని బోర్డు సామానుకు మాత్రం డీజిలు పోయకండి.

ఇక విప్పడం. మంచాలు విప్పాల్సిందే: తలవైపు పలక, కాళ్లవైపు పలక, పక్క పట్టెలు, మధ్య బల్లలు. బల్లకు కాళ్లు ఊడేవైతే ఊడదీయండి. పాత పనిలో చెక్కలోకి చెక్క దూర్చి బంకపెట్టి బిగించిన అతుకులు ఉంటాయి, వాటి జోలికి పోవద్దు. సుత్తితో కొట్టి విప్పాలని చూస్తే అతుకు కాదు, చెక్క చీలుతుంది. విప్పే ముందు ప్రతి అతుకునూ ఫోటో తీయండి. ఆ వస్తువు స్క్రూలు, బోల్టులు ఒక సంచిలో వేసి, అన్ని సంచులూ ఒకే డబ్బాలో పెట్టి, ఆ డబ్బా క్యాబిన్‌లో మీ కాళ్ల దగ్గర ఉంచండి. సంచిని వస్తువుకే టేపు వేసి అంటించమని చాలామంది చెబుతారు. నాకు నచ్చదు. పాలిష్ మీద టేపు ఎండకు అతుక్కుని, లాగినప్పుడు పాలిష్‌తో సహా వస్తుంది.

ప్లాస్టిక్ చుట్టడం గురించి కూడా ఒక మాట. పాలిష్ చేసిన చెక్క మీద నేరుగా స్ట్రెచ్ ఫిల్మ్ చుట్టవద్దు. మూసిన బాక్స్ ఎండలో బయటకంటే చాలా వేడెక్కుతుంది. లోపల చిక్కిన తేమ పోవడానికి దారి లేక పాలిష్ తెల్లగా మసకబారుతుంది. ముందు మందపాటి దుప్పటి, దాని మీద ఫిల్మ్. దుప్పటి జారకుండా పట్టుకోవడమే ఫిల్మ్ పని. సొరుగులు ఖాళీ చేసి దేని స్థానంలో దాన్ని ఉంచి, దుప్పటితో పాటు చుట్టేస్తే చాలు. అల్మారా లోపలి అరలు ఊడేవైతే తీసేయండి, తాళంచెవులు మీ జేబులో పెట్టుకోండి.

ఫ్రిజ్‌ను నిలబెట్టే తీసుకెళ్లాలి. పడుకోబెడితే కంప్రెసర్‌లోని నూనె గొట్టాల్లోకి పాకుతుంది. తప్పక పడుకోబెట్టాల్సి వస్తే, దించాక నిలబెట్టి చాలా గంటలు వదిలేసి అప్పుడు కరెంటు ఇవ్వండి. ముందు తలుపున్న వాషింగ్ మెషిన్ అయితే, కొన్నప్పుడు వెనక నుంచి తీసి దాచమన్న పొడవాటి బోల్టులు వెతకండి. డ్రమ్మును కదలకుండా పట్టేవి అవే. అవి లేకుండా 1,400 కిలోమీటర్లు వెళితే డ్రమ్ము లోపల ఎగిరెగిరి దాని స్ప్రింగులూ షాక్ అబ్జార్బర్లూ దెబ్బతింటాయి. దొరక్కపోతే ఆ మోడల్‌కు సరిపోయేవి విడిగా కొనండి. గ్యాస్ సిలిండరు, పెయింటు డబ్బాలు, స్ప్రే డబ్బాలు, పెట్రోలు మిగిలిన ఏ యంత్రమూ బాక్స్ ఎక్కకూడదు.

లోడింగే సగం ప్రయాణం. దీనికి ఒక పూట కాదు, ఒక రోజు పెట్టుకోండి. సూత్రం సులువే: బరువైనవి క్యాబిన్ వైపు గోడకు ఆనించి, నేల మీద, ఎడమా కుడీ సమానంగా. ఫ్రిజ్, వాషింగ్ మెషిన్, అల్మారాలు మొదటి వరస. ఒక వైపు అల్మారాలు రెండూ పెట్టి మరో వైపు పరుపులు పెడితే బండి నిలబడినప్పుడే ఒక పక్కకు ఒరుగుతుంది. మలుపులో ఆ ఒరుగు ఇంకా పెరుగుతుంది. పుస్తకాల పెట్టెలు నేల మీద, ఆ వరసల్లో పంచాలి. బరువంతా వెనక తలుపు దగ్గర పడితే ముందు చక్రాల మీద భారం తగ్గి స్టీరింగు తేలిపోతుంది. క్యాబిన్ పైన ముందుకు పొడుచుకొచ్చే అర ఉన్న ట్రక్కయితే అందులో తేలికవి పెట్టండి: దిండ్లు, బట్టల మూటలు, లాంప్ షేడ్లు.

నేల నుంచి కప్పు దాకా ఒక గోడలా పేర్చి, ఆ గోడను కట్టేసి, అప్పుడు తర్వాతి గోడ మొదలుపెట్టండి. కిందంతా పరిచి తర్వాత పైన పేర్చుదామనుకుంటే కట్టడానికి ఏదీ అందదు. పరుపులు, సోఫా దిండ్లు ఊరికే పక్కన పెట్టే సామాను కాదు. రెండు గట్టి వస్తువుల మధ్య దూర్చడానికి వాటిని మించినవి లేవు. సోఫాను నిలువుగా నిలబెడితే చాలా చోటు మిగులుతుంది. అద్దం, బల్ల మీది గాజు పలక, రాతి పలక ఉంటే అది కూడా, అంచు మీద నిలబెట్టి రెండు పరుపుల మధ్య ఉంచండి. పడుకోబెట్టిన గాజు తన బరువుకే మధ్యలో వంగుతూ లేస్తూ ఉంటుంది, గుంతలో పడ్డప్పుడు అక్కడే విరుగుతుంది.

కట్టడం ఎంత గట్టిగా ఉండాలి? లోడు కట్టే నిబంధనలు యూరప్‌లోనైనా అమెరికాలోనైనా ఒకే కొలతకు వచ్చాయి: ముందుకు వస్తువు బరువులో 80 శాతం, పక్కలకు, వెనక్కి 50 శాతం తోపును తట్టుకోవాలి. అంటే 100 కిలోల అల్మారా గట్టిగా బ్రేకు వేసినప్పుడు 80 కిలోల బలంతో ముందుకు తోస్తుంది. క్యాబిన్ గోడకు ఆనించి పెట్టమన్నది అందుకే, ఆ తోపును గోడ తీసుకుంటుంది. పక్కలకూ వెనక్కీ స్ట్రాపులే దిక్కు. తాడు వద్దు. మొదటి గంటలో లోడు కుదురుకుంటుంది, తాడు వదులవుతుంది. రాట్చెట్ స్ట్రాపు, అంటే మీట ఆడిస్తూ ఒక్కో పన్ను చొప్పున బిగించే పట్టీ, మంచిదే కానీ దాని మీటకు చేతి బలానికి ఎన్నో రెట్లు లాగే శక్తి ఉంది. ఉత్సాహం కొద్దీ ఇంకో రెండు పళ్లు బిగిస్తే కుర్చీ కాలు పుటుక్కుమంటుంది. చెక్క సామాను మీద చేత్తో లాగి బిగించే క్యామ్ బకిల్ స్ట్రాపులు వాడండి, ఫ్రిజ్ వరసకు రాట్చెట్ వాడండి. స్ట్రాపు ఆనే ప్రతి అంచు కిందా మడిచిన అట్టముక్క పెట్టండి. స్ట్రాపు మీద రెండు అంకెలు ఉండవచ్చు. తెగే బరువు చూసి మురిసిపోకుండా, పనికి అనుమతించిన బరువు చూడండి. అది దానిలో మూడో వంతు దగ్గర ఉంటుంది.

ట్రక్కును లోడు వేసే ముందు రోజే తెచ్చుకోగలిగితే తెచ్చుకోండి. ఖాళీ మైదానంలో ఒక గంట ఇద్దరూ నడపండి. ఆ గంటలో నేర్చుకోవాల్సినవి రెండు: మలుపులో వెనక చక్రాలు ఎక్కడికి పోతాయి, వెనక మూల ఎక్కడికి పోతుంది.

మొదటిది. ఏ బండికైనా మలుపులో వెనక చక్రాలు ముందు చక్రాల దారిలో రావు, లోపలికి కోసుకుంటూ వస్తాయి. ముందు చక్రాలు 12 మీటర్ల వ్యాసార్ధంలో తిరిగాయనుకోండి. కారుకు చక్రాల మధ్య దూరం 2.6 మీటర్లు, కాబట్టి వెనక చక్రం లోపలికి వచ్చేది 30 సెంటీమీటర్ల లోపు. మీ ట్రక్కుకు ఆ దూరం 6 మీటర్లు అనుకుంటే 1.6 మీటర్లు లోపలికి వస్తుంది. కాలిబాట అంచు, దాని మీది స్తంభం, అక్కడ నిలబడ్డ మనిషి, ఎవరైనా ఆ 1.6 మీటర్లలో ఉండవచ్చు. ఇరుకు మలుపులో నేరుగా ఇంకాస్త ముందుకు పోయి, ఆలస్యంగా తిప్పండి. తిప్పుతున్నంతసేపూ లోపలి వైపు అద్దంలో వెనక చక్రాన్ని చూస్తూ ఉండండి. మలుపుకు ముందు ఎదురు వైపు వెడల్పుగా జరిగి ఖాళీ వదిలితే, ఆ సందులోకి స్కూటరు దూరుతుంది. జరగడం అనేది మలుపులోకి వెళ్లాకే.

రెండోది చాలామందికి తెలియదు. వెనక చక్రాల తర్వాత కూడా బాక్స్ రెండు మూడు మీటర్లు వెనక్కి ఉంటుంది. మీరు ఎడమకు తిప్పితే ఆ వెనక మూల కుడికి ఊగుతుంది, కుడికి తిప్పితే ఎడమకు. బంకులో పంపు పక్క నుంచి బయల్దేరుతూ చటుక్కున తిప్పితే ఆ మూల పంపునే కొడుతుంది. అద్దె ట్రక్కుల వెనక మూలలు చూడండి, ఎన్ని గీతలు ఉంటాయో. పక్కనున్నది ఏదైనా సరే, నేరుగా ముందుకు కదిలి బాక్స్ వెనక మూల దాన్ని దాటాకే తిప్పండి. మైదానంలో నాలుగు అట్టపెట్టెలు నిలబెట్టి సాధన చేయండి. మీ బావమరిది బయట నిలబడి చూస్తే మూల ఎంత బయటికి వస్తోందో మీకు చెప్పగలడు.

ఇప్పుడు ఎత్తు. నా లెక్కలో కొత్తవాళ్లకు అన్నిటికంటే పెద్ద గండం ఇదే. అద్దం మీకు పక్కలు చూపిస్తుంది, తల మీద ఏముందో ఏ అద్దమూ చూపించదు. ఈ సైజు బాక్సులు సుమారు మూడున్నర నుంచి నాలుగు మీటర్ల ఎత్తు ఉంటాయి. అమెరికాలో నార్త్ కరోలినాలోని డర్హమ్‌లో ఒక రైలు వంతెన ఉంది, మొదట్లో 11 అడుగుల 8 అంగుళాల ఎత్తు ఉండేది. ముందు హెచ్చరిక బోర్డులు ఉన్నాయి, మెరిసే దీపాలు ఉన్నాయి, అయినా ట్రక్కులు పోయి గుద్దుకుంటూనే ఉన్నాయి. 2008 నుంచి అక్కడ పెట్టిన కెమెరాలో ఆ వీడియోలు బోలెడన్ని. 2019లో వంతెనను 8 అంగుళాలు పైకి లేపారు. ఆ తర్వాత కూడా గుద్దుకుంటున్నాయి. మెల్‌బోర్న్‌లోని మాంటేగ్ స్ట్రీట్ వంతెన 3 మీటర్లదే, దాని కథా ఇదే. బోస్టన్‌లో విద్యార్థులు ఇళ్లు మారే సెప్టెంబరు 1 దరిదాపుల్లో ఏటా స్టోరో డ్రైవ్ మీది తక్కువ ఎత్తు వంతెనల కింద అద్దె ట్రక్కులు ఇరుక్కుంటాయి. నడిపేవాళ్లు మీలాంటివాళ్లే. బోర్డు చదవలేక కాదు, తమ ఎత్తు ఎంతో గుర్తులేక.

అందుకని టేపు పెట్టి కొలవండి. కప్పు మీది ఏసీ పెట్టె లాంటి పైకి పొడుచుకొచ్చినది ఏదైనా ఉంటే దాన్ని కూడా కలిపి కొలవండి. ఆ అంకెను మీటర్లలోనూ అడుగుల్లోనూ పెద్ద అక్షరాలతో కాగితం మీద రాసి, స్టీరింగు వెనక, స్పీడోమీటరు పక్కన అంటించండి. నేను నేర్పినవాళ్లందరి చేతా ఇది చేయించాను, అనుభవం ఉన్నవాళ్ల చేత కూడా. ఫోన్‌లోని మామూలు కారు నావిగేషన్‌కు మీ ఎత్తు తెలియదు, అడ్డదారి దగ్గరైతే అందులోకే పంపుతుంది. ఎత్తు, బరువు నమోదు చేసే ట్రక్కు నావిగేషన్ వాడండి. ముందు రోజు రాత్రి ఇద్దరూ కూర్చుని దారి మొత్తం ఒకసారి పటంలో చూడండి, ముఖ్యంగా మొదటి ఐదు, చివరి ఐదు కిలోమీటర్లు. హైవే మీద ఎత్తు సమస్య అరుదు. ఇళ్ల మధ్య చెట్ల కొమ్మలు, వేలాడే తీగలు, హోటలు వాకిలి పందిరి, డ్రైవ్‌త్రూ, బేస్‌మెంట్ పార్కింగ్, పాత బంకు కప్పు, వీటి దగ్గరే జరుగుతుంది. అనుమానం వస్తే ఆగండి. వెనక బళ్లవాళ్లు హారన్ కొడతారు, కొట్టనివ్వండి.

బ్రేకుల సంగతికి వస్తే, గంటకు 80 కిలోమీటర్ల వేగంలో సెకనుకు 22 మీటర్లు పోతుంటారు. ప్రమాదం కనబడి కాలు బ్రేకు మీదకు చేరడానికి సెకనున్నర పట్టినా 33 మీటర్లు అయిపోయినట్టే, బ్రేకు పని ఇంకా మొదలే కాలేదు. ముందు బండికి దూరం మీటర్లలో అంచనా వేయడం కష్టం, సెకన్లలో సులువు. వృత్తి డ్రైవర్లకు నేర్పే లెక్క: బండి పొడవులో ప్రతి మూడు మీటర్లకు ఒక సెకను, వేగం గంటకు 65 దాటితే ఇంకో సెకను. మీ ట్రక్కు మొత్తం పది మీటర్లు ఉందనుకుంటే నాలుగైదు సెకన్లు. ముందు బండి ఒక స్తంభం దాటగానే లెక్కపెట్టండి. మీరు వదిలిన ఖాళీలోకి కార్లు దూరుతాయి, మళ్లీ వదలండి. 1,400 కిలోమీటర్ల మీద దానివల్ల పోయే సమయం ఒక టీకి పట్టేంత.

దిగుడు రోడ్డు మీ దారిలో ఉంటే ఈ పేరా రెండుసార్లు చదవండి. కొండ దిగేటప్పుడు బ్రేకు మీద కాలు ఆనించి ఉంచితే చక్రాల్లోని బ్రేకు డ్రమ్ములు కాలిపోతాయి, బ్రేకు పట్టు తగ్గుతుంది, ఇంకా గట్టిగా తొక్కుతారు, ఇంకా కాలుతుంది. ద్రవం ఒత్తిడితో పనిచేసే హైడ్రాలిక్ బ్రేకుల్లో ఇంకో ప్రమాదం కూడా ఉంది. డాట్ 3 రకం బ్రేకు ద్రవం కొత్తగా ఉన్నప్పుడు 205 డిగ్రీల సెల్సియస్ దాకా మరగదు. తేమ పీల్చుకున్నాక ఆ హద్దు 140కి పడిపోవచ్చు. మరిగితే గొట్టంలో ఆవిరి బుడగలు చేరి, పెడల్ నేలకు తగులుతుంది. అద్దె బండిలో ఆ ద్రవం ఎప్పుడు మార్చారో మీకు తెలియదు. అందుకని దిగుడు మొదలయ్యే ముందే, పైన ఉండగానే గేరు తగ్గించండి. ఆటోమేటిక్ అయితే తక్కువ గేరు స్థానంలో పెట్టండి. ఇంజినే బండిని పట్టి ఉంచాలి. వేగం మీరు అనుకున్న హద్దుకు, ఉదాహరణకు 50కి చేరగానే, గట్టిగా ఒక మూడు సెకన్లు బ్రేకు వేసి 42 దగ్గరకు తెచ్చి, పూర్తిగా వదిలేయండి. మళ్లీ 50కి వచ్చాక మళ్లీ వేయండి. మధ్య ఖాళీలో డ్రమ్ములు చల్లారతాయి. మాడు వాసన వచ్చినా, పెడల్ మెత్తబడినా వెంటనే ఆగే చోటు చూసుకోండి. కొండ రోడ్ల పక్కన కంకర పోసి ఎగువకు వెళ్లే దారి కనబడుతుంటుంది, అది బ్రేకు పోయిన బళ్ల కోసం. అవసరమైతే సిగ్గుపడకుండా అందులోకి వెళ్లాలి. బండి పాడవుతుందేమో, మీరు బతుకుతారు.

గాలిని కారులో పట్టించుకోం. మీ బాక్స్ పక్క గోడ ఇరవై చదరపు మీటర్ల తెరచాప. గంటకు 60 కిలోమీటర్ల అడ్డగాలి వీస్తే దాని మీద పడే తోపు 300 కిలోల బరువుకు పైనే ఉంటుంది. వంతెన మీదకు ఎక్కినప్పుడు, కొండ చాటు నుంచి బయటపడినప్పుడు, పెద్ద లారీ దాటిపోయినప్పుడు ఆ తోపు ఒక్కసారిగా వస్తుంది లేదా ఒక్కసారిగా పోతుంది. స్టీరింగు రెండు చేతులతో పట్టుకుని, చిన్న దిద్దుబాట్లతో సరిపెట్టండి. తిరుగు ప్రయాణంలో ఖాళీ ట్రక్కు ఇంకా ఎక్కువ ఊగుతుంది, అప్పుడు వేగం ఇంకా తగ్గించాలి.

వెనక్కి పోవడం వీలైనంతవరకు మానండి. ఆగేటప్పుడే ముందుకు బయటపడేలా ఆగండి. తప్పనప్పుడు ముందు దిగి, వెనకా పైనా నడిచి చూసి, ఎక్కండి. లారీల్లో క్లీనర్ చేసే పని మీ బావమరిది చేయాలి: బండి వెనక కాదు, మీ అద్దంలో పూర్తిగా కనబడే చోట నిలబడాలి. సైగలు ముందే అనుకోండి, ముఖ్యంగా ఆగు అనే సైగ. అద్దంలో ఆయన కనబడని మరుక్షణం బ్రేకు. బావమరిదితో తేల్చుకోవాల్సిన పాత లెక్కలేవైనా ఉంటే రివర్స్ గేరులో ఉన్నప్పుడు మాత్రం తీయకండి.

రోజుకు ఎంత దూరం? కారులో మీరు పోయే దూరంలో మూడింట రెండు వంతులు వేసుకోండి. యూరప్‌లో వృత్తి డ్రైవరు కూడా నాలుగున్నర గంటలు నడిపాక 45 నిమిషాలు ఆగాలి. అలవాటు లేని మీరు రెండు గంటలకొకసారి డ్రైవరు మారడం మంచిది. అప్పుడు 1,400 కిలోమీటర్లకు రెండు రోజులు సరిపోవు, మూడు పెట్టుకోండి. తెల్లవారుజాము రెండు నుంచి ఐదు మధ్య అసలు నడపకండి, ఇద్దరిలో ఎవరికి ఎంత ఓపిక ఉన్నా సరే.

బయల్దేరాక మొదటి 80 కిలోమీటర్లలోపు ఒకసారి ఆగి తలుపు తీసి లోడు చూడండి. కుదురుకోవడం అంతా ఆ దూరంలోనే జరుగుతుంది, వదులైన స్ట్రాపులు బిగించండి. తర్వాత ప్రతి మూడు గంటలకు ఒకసారి. తలుపు తీసేటప్పుడు దాని ఎదురుగా నిలబడవద్దు, పక్క నుంచి తీయండి. జారి తలుపుకు ఆనుకున్న కుర్చీ నేరుగా మొహం మీదకే వస్తుంది. ఆగినప్పుడల్లా టైర్ల మీద చేయి వేసి చూడండి. వెనక జంట చక్రాల్లో లోపలిది బయటికి కనబడదు, గాలి పోయినా బండి నడుస్తూనే ఉంటుంది, వేడెక్కి పగిలేదాకా తెలియదు. రెండింటి మధ్య రాయి ఇరుక్కుందేమో కూడా చూడండి.

ఇంధనం డీజిలా పెట్రోలా అన్నది మూత మీద చదివి, మీ ఎత్తు కాగితం పక్కనే అది కూడా రాసుకోండి. పొరపాటున ఒకటికి ఇంకొకటి పోస్తే ఇంజిన్ స్టార్ట్ చేయకుండా అద్దెవాళ్లకు ఫోన్ చేయండి. స్టార్ట్ చేయనంతవరకు అది ట్యాంకు ఖాళీ చేసే పని మాత్రమే.

రాత్రి బండి నిలిపేటప్పుడు వెనక తలుపు గోడకు దగ్గరగా, మనిషి దూరలేనంతగా పెట్టండి. మంచి తాళం మీరే కొనుక్కోండి. ఇంటి దస్తావేజులు, నగలు, మందులు, లాప్‌టాప్ బాక్సులో పెట్టకండి, క్యాబిన్‌లోనే ఉండాలి, రాత్రి మీతో గదిలోకి రావాలి. మనుషులను, పెంపుడు జంతువులను బాక్సులో ఎక్కించడం గురించి అడగకండి కూడా.

బీమా కాగితం సంతకం పెట్టే ముందు చదవండి. మీ కారు బీమా అద్దె ట్రక్కుకు వర్తిస్తుందని ఊహించుకోవద్దు, చాలావాటిలో వర్తించదు. ట్రక్కు అద్దెతో పాటు అమ్మే రక్షణలో కూడా కప్పు దెబ్బను మినహాయించే ఒప్పందాలు చాలా ఉన్నాయి. అంటే వంతెనకు తగిలితే ఖర్చు మొత్తం మీదే. లోపలి సామానుకు బీమా మళ్లీ వేరు.

బండి తీసుకునే రోజు చుట్టూ తిరిగి వీడియో తీయండి: నాలుగు మూలలు, కప్పు అంచు, అద్దాలు, టైర్లు, లోపలి నేల, ఇంధనం ముల్లు, కిలోమీటర్ల అంకె. బాక్స్ లోపల నిలబడి తలుపు మూయించుకుని చూడండి, ఎక్కడైనా వెలుగు కనబడితే వాన కూడా అక్కడి నుంచే వస్తుంది; అలాంటి బండి వద్దని చెప్పి వేరేది అడగండి. తిరిగి ఇచ్చే రోజు అదే వీడియో మళ్లీ తీసి, ఇంధనం తీసుకున్నంతే నింపి, లోపల ఊడ్చి ఇవ్వండి. మీ మంచాల పట్టె ఒకటి బాక్స్ మూలలో దుప్పటి కింద ఉండిపోలేదని ఒకసారి చూసుకోండి, అది చాలా తరచుగా జరుగుతుంది.